పొగ కడిగిన ఇల్లు

మెర్సెదెస్,
జూన్ నెల, చలికాలపు వాన ఆదివారం.

నిబియాకి,

ఇక్కడ నేనూ, మన కుక్క మోరోచా క్షేమం. నాకంటే అదే కాస్త ఎక్కువ క్షేమం, ఎందుకంటే దాన్ని ఎవరూ ఏ అలవాటూ మానుకోమనలేదు. మినాస్ కొండగాలి నీకు బాగా పడుతోందనీ, మీ అక్క ఎల్సిరా మోకాళ్లు కుదుటపడ్డాయనీ తలుస్తూ ఈ ఉత్తరం మొదలుపెడుతున్నాను.

నీ ఉత్తరం మంగళవారం అందింది. పోస్టుమాన్ దాన్ని వెంటనే చేతికివ్వకుండా అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఏం దార్దో, ఈ రోజుల్లో కూడా పెళ్ళాం ఉత్తరాలు రాస్తోందా? ఫోన్ పాడైందా ఏంటి?" అన్నాడు. "ఫోన్ బాగానే ఉంది, నేనే పాడయ్యాను" అన్నాను. జోకనుకుని నవ్వుకుంటూ పోయాడు. ఫోన్లో నేను అన్నిటికీ ఊ కొడతాననీ, నా దగ్గర నిజం రాబట్టాలంటే కాగితం మీద రాయించాల్సిందేననీ నువ్వన్న మాట వాడికేం తెలుసు. తప్పు నాదే. ఏప్రిల్లో "మానేశాను" అని నీతో చెబుతూ చెబుతూనే లైటర్ నొక్కాను. ఆ చప్పుడు మినాస్ దాకా వినబడుతుందని నేననుకోలేదు.

ముందు నువ్వడిగిన చిన్న సంగతులు చెబుతాను. ద్రాక్ష పందిరి ఇంకా కత్తిరించలేదు, చలి ముదిరాక చూద్దామని ఆగాను. నిమ్మచెట్టు మాత్రం విరగగాసింది. ఒక్కడికి ఎన్ని నిమ్మకాయలు కావాలి చెప్పు. పక్కింటి చోలాకి బుట్టెడు ఇచ్చాను. బుట్ట అందుకుంటూ, "నిబియా ఎప్పుడొస్తోంది?" అంది. అక్కడి గాలి నీకు బాగా పడిందట అన్నాను. "గాలి సంగతి కాదయ్యా, మనిషి సంగతి అడుగుతున్నా" అంది. ఆవిడ గురించి నీకు తెలియనిదేముంది, మనం ఇంట్లో తుమ్మితే గోడ అవతలి నుంచి దీవించే మనిషి.

తిండి సంగతి అడిగావు. తింటున్నాను. ఒకసారి కుండెడు వండి పెట్టుకుని, అడుగు కనబడేదాకా అదే తింటున్నాను. ఈ రోజు పొద్దుటి నుంచీ వాన కదా, వీధంతా తోర్తా రొట్టెలు వేగుతున్న కొవ్వు వాసన. నేనూ పిండి కలిపాను. వేయించాక చూసుకుంటే పళ్లెం నిండిపోయింది. చెయ్యి ఇద్దరి కొలతకే అలవాటు పడి ఉంది, దానికి ఎవరూ చెప్పలేదు పాపం. మిగిలినవి మోరోచా తిని, పందిరి కింద పడుకుని ఆయాసపడుతోంది. వీధిలో కొవ్వు వాసన వస్తోందని రాశాను, చూశావా? ఆ సంగతికి తర్వాత వస్తాను.

ఇక నీ అసలు ప్రశ్న. దాని కోసమే ఉత్తరం రాశావని నాకు తెలుసు, మిగతావన్నీ చుట్టూ పేర్చినవే. "ఆ యంత్రం నిజంగా పనిచేస్తోందా, లేక లైటర్ చప్పుడు కాకుండా తాగడానికి కనిపెట్టిన ఉపాయమా? తాగితే తాగానని రాయి, దార్దో. దాచావని తెలిస్తే మాత్రం నేనిక ఆ ఇంటికి రాను." ఈ మాటలు చాలాసార్లు చదువుకున్నాను. జవాబు రాస్తాను. కాని నన్ను వరసగా రాయనీ. ఉన్నపళంగా అందులోకి దూకమంటే నాకు ధైర్యం చాలదు.

యంత్రం ఇచ్చింది యమండూ. వాడు పెరట్లో టమాటా మొక్కల పక్కన పెంచే గంజాయి మొక్కలు నువ్వు చూసినవే, సర్కారులో పేరు రాయించుకుని మరీ పెంచుతున్నాడు. మాంసం ఫ్యాక్టరీలో బరువులు మోసి నడుము విరిగింది కదా, ఆ నొప్పికి ఆ ఆకు వాడతాడు. కాల్చడం ఎప్పుడో మానేశాడు. ఆకుని వేడిచేసి ఆవిరి మాత్రం పీలుస్తాడు. కొత్త యంత్రం కొనుక్కుని పాతది నా చేతిలో పెట్టాడు. కళ్లజోడు డబ్బా అంత ఉంటుంది. పైన చిన్న గిన్నె, అడుగున జల్లెడ. పొగాకు నలిపి గిన్నెలో వేసి మీట నొక్కితే ఎర్ర దీపం వెలుగుతుంది. అది పచ్చబడేదాకా ఆగాలి. లోపల ఆకు వేడెక్కుతుంది గాని అంటుకోదు. నిప్పూ లేదు, బూడిదా లేదు. చివరికి కాఫీపొడి రంగులో ఆకు మిగులుతుంది.

"ఆగాలా? ఎంతసేపు?" అన్నాను.

"దీపం పచ్చబడేదాకా అన్నాగా. పుట్టాక ఒక్కసారైనా దేనికోసమైనా ఆగావురా నువ్వు?"

"నిబియా కోసం ఆగుతున్నాగా."

వాడు టమాటాల వైపు తిరిగి, "సరే, ముందు బాగా శుభ్రం చేసుకో" అని మాత్రం అన్నాడు.

ఆ మాట విని ఉండాల్సింది. గిన్నెలో వాడి ఆకు సగం అలాగే ఉంది. నేను చూసుకోకుండా దాని మీదే పొగాకు వేసి పీల్చి, ఇస్కూలు టీచరమ్మ సైకిల్ చక్రం వంకర తీద్దామని షాపులో కూర్చున్నాను. చక్రం తిప్పడం, అది తిరుగుతుంటే చూడడం. మధ్యాహ్నమంతా అదే పని. టీచరమ్మ వచ్చి "అయిందా?" అని అడిగితే, "చూడండమ్మా, ఎంత ముచ్చటగా తిరుగుతోందో" అన్నానట. వంకర ఉన్నది ఉన్నట్టే ఉంది. ఆవిడ సైకిల్ నడిపించుకుంటూ వెళ్లిపోయింది. యమండూకి ఇది తెలిసి పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఇన్నాళ్లకి నీ షాపులో పని సంతోషంగా జరిగిందిరా" అన్నాడు.

రెండో పొరపాటులో నీకూ వాటా ఉంది. చుట్టుకునే పొగాకు ఎండిపోకుండా సంచిలో నారింజ తొక్క వేయాలని పెళ్లయిన కొత్తలో నేర్పింది నువ్వే. మీ నాన్నకి అలా వేసేదానివట. అప్పటి నుంచీ నువ్వు నారింజ ఒలిస్తే ఒక తొక్క నా సంచిలోకి వచ్చేది, నేను అడగకుండానే. నువ్వు వెళ్లాక నేనే వేసుకుంటున్నాను. చుట్టుకునేవాడికి తడి ఉంటేనే మేలు గాని ఈ యంత్రానికి తడి గిట్టదు. దీపం పచ్చబడగానే గట్టిగా ఒక్క దమ్ము లాగాను. కెటిల్ మూతికి నోరు పెట్టినట్టయింది. నాలుక పొక్కి రెండు మూడు రోజులు సూప్ కూడా దిగలేదు. అప్పటి నుంచి పొగాకుని పళ్లెంలో పరిచి ఆరబెడుతున్నాను. దానితో సమస్య తీరింది. కాని నారింజ ఒలిచినప్పుడు ఆ తొక్క ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలో పట్టుకుని కూర్చుంటున్నాను. నవ్వకు. ఇంత చిన్నదానికి మనిషి దిక్కులేనివాడైపోతాడని నాకు తెలియదు.

నీ డాక్టరమ్మ దగ్గరికి కూడా వెళ్లాను. యంత్రం బల్ల మీద పెడితే, ఎలుకని పెట్టినట్టు చూసింది. "ఇది మందు కాదు దార్దోగారూ. మంచిదని నేను చెప్పను. ఏదీ పీల్చకపోవడమే మంచిది" అంది. నేను తల ఊపాను. "ఇది కూడా ఆవిడ ఉన్న గదిలో వద్దు, ఆరుబయటే. మీ గోడల్లో పట్టేసిన పొగ సంగతి కూడా చూడండి" అంది. గోడల్లో పొగ ఏమిటని నేను మనసులో విసుక్కున్నాను. నీతో అబద్ధమాడదల్చుకోలేదు కాబట్టి విసుక్కున్న సంగతి కూడా రాస్తున్నాను.

పొగ మానడంలో కష్టం నోటికి కాదు నిబియా, చేతులకి. ఆ తర్వాత సాయంత్రాలకి. బాస్కో గారి బారు ముందు పేవ్‌మెంట్ మీద మా గుంపు నిలబడడం నీకు తెలుసు. లోపల పొగ తాగనివ్వరు కాబట్టి చలిలో, వానలో, ఆ చూరు కిందే మా సభ. ఒకడు చుట్టడం, ఒకడు కాగితం అడగడం, ఒకడి అగ్గి మీదికి ఇంకొకడు వంగడం. ఇన్నేళ్లలో మేం మాట్లాడుకున్నదేమైనా ఉంటే ఆ వంగినప్పుడు మాట్లాడుకున్నదే. యంత్రంతో వెళ్లిన మొదటి సాయంత్రం, పాల వ్యాను రుబేన్ నన్ను ఎగాదిగా చూశాడు.

"ఏంట్రా అది, జ్వరం చూసుకుంటున్నావా?"

"నోరు మూసుకో" అన్నాను.

"వాడు మూసుకుంటాడు గాని నువ్వు తెరువు, ఎంతుందో చూద్దాం" అన్నాడు యమండూ. యంత్రం ఇచ్చినవాడే ఆ మాట అనడం చూడు.

అందరితో పాటు నేనూ నవ్వాను. వెక్కిరింతలు నాకు పట్టవు, అవి లేకపోతేనే భయం. ఆ తర్వాత జరిగింది మాత్రం పట్టింది. రుబేన్ ఒకటి చుట్టుకుని, ఎప్పటి అలవాటు కొద్దీ, "దార్దో, అగ్గి ఉందా?" అంటూ నా వైపు మొహం చాపాడు. నా చెయ్యి జేబులోకి పోయింది. జేబులో ఏమీ లేదు. వాడికి గుర్తొచ్చి, "ఓ, నువ్వు మానేశావుగా" అని పక్కవాడి వైపు తిరిగాడు. అంతే. కాసేపు నిలబడి ఇంటికొచ్చేశాను. ఈ మధ్య అటు వెళ్లడం తగ్గించాను. సాయంత్రం పందిరి కింద కూర్చుని, దీపం పచ్చబడేదాకా ఆగి, నాలుగు దమ్ములు లాగి లోపలికి వస్తాను. మోరోచా పక్కన కూర్చుంటుంది గాని దానికి అగ్గి అక్కర్లేదు.

ఇప్పుడు వాసన సంగతి. పొగ మానితే ముక్కు తిరిగొస్తుందని డాక్టరమ్మ అంది. నాది చెప్పాపెట్టకుండా వచ్చింది. మొదట షాపులో రబ్బరు, తర్వాత పందిరి కింద తడిమట్టి. మాతే కూడా, ఇన్నేళ్లూ వేడి చేదునీళ్లు తాగానే గాని అందులో గడ్డి వాసన ఉందని ఇప్పుడే తెలిసింది. ఒక పొద్దున బేకరీకి వెళ్లి రొట్టె తెచ్చుకున్నాను. తలుపు తీయగానే, లోపల ఎవరో కూర్చుని తాగుతున్నారనిపించింది. "ఎవరది?" అని గట్టిగా అడిగాను కూడా. ఎవరూ లేరు. అది మన ఇల్లు. గడప మీద రొట్టె పట్టుకుని నిలబడిపోయాను.

ఫిబ్రవరిలో కార్నివాల్ డప్పులు వీధిలో మోగుతుంటే, నీకు ఊపిరాడక నిన్ను అంబులెన్సులో తీసుకెళ్లారు. అప్పుడు కూడా ఆ చెడ్డగాలి వీధిలోనే ఉందనుకున్నాను. ఒకే సొరబుర్రలో ఒకే గొట్టంతో ఇద్దరం తాగే మాతేని, నువ్వు వేరే బుర్ర కొనుక్కుని విడిగా తాగడం మొదలుపెట్టినప్పుడు నాకెంత రోషం వచ్చిందో గుర్తుందా? ఒకే ఇంటికప్పు కింద మొగుడూ పెళ్ళాం రెండు బుర్రల్లో తాగుతున్నారంటే ఈ ఊళ్లో దానికి ఒకటే అర్థం. "మంచాలు కూడా వేరయ్యాయా?" అని చోలా అడగనే అడిగింది. గొట్టంలో పొగాకు రుచి వస్తోందని నువ్వు చెబితే సాకనుకున్నాను. మనిద్దరం తాగిన పాత గొట్టం ఆమధ్య కడుగుదామని మూతి దగ్గరికి తీసుకున్నాను. ఆరిపోయిన బూడిద గిన్నె కంపు. దానికి నోరు పెట్టి ఇన్నేళ్లు నాతో తాగావు.

ఆ రోజు షాపు తెరవలేదు. గోడలు వెనిగర్ నీళ్లతో కడిగాను. బకెట్లో నీళ్లు టీ రంగులోకి తిరిగాయి, మార్చిన కొద్దీ తిరుగుతూనే ఉన్నాయి. మన పెళ్లి ఫోటో దించితే దాని వెనక గోడ తెల్లగా ఉంది. మన ఇంటి రంగు తెలుపట. కర్టెన్లు ఉతికాను, పరుపు ఎండలో వేశాను, గదులకి సున్నం వేశాను. దుప్పట్లు తీగ మీద చూసి చోలా గోడ పైనుంచి, "ఏంటయ్యా, కొత్త పెళ్లికూతురు వస్తోందా?" అంది. "పాతదే వస్తే చాలు" అన్నాను. ఇల్లు నిజంగా బాగుంది నిబియా. నువ్వు వస్తే ఊపిరాడుతుంది.

చివరికి నీ బీరువా మిగిలింది. దాన్ని కావాలనే ఆఖరికి ఉంచాను. ఇంతకు ముందు అందులో చెయ్యి పెట్టలేదు, ఉతికితే నీ వాసన పోతుందని. ముక్కు వచ్చింది కదా, ఉతికే ముందు ఒక్కసారి చూసుకుందామనుకున్నాను. నిజం చెప్పాలంటే అన్నాళ్లూ ఆ ఒక్కదాని మీదే ఆశ పెట్టుకుని గోడలు రుద్దాను. నీ నీలం శాలువా తీసి మొహానికి పెట్టుకున్నాను.

పొగ. నా పొగ. శాలువా కింద పెట్టి నీ చలికోటు తీశాను, అందులోనూ అదే. వంటింటి ఏప్రన్, దిండు గలేబు, చర్చికి వేసుకునే ఆ చుక్కల జాకెట్టు, దేన్ని పట్టుకున్నా నేనే. మంచం మీద కూర్చుని నీ వాసన ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. పెళ్లి కాక ముందు రోజులు కూడా తలుచుకున్నాను. అప్పటికే నేను చుట్టేవాణ్ణి. ఇంతకాలం నీతో కాపురం చేశాను, నీ వాసన ఏమిటో నాకు తెలియదు, నిబియా. నువ్వు లేవని ఫిబ్రవరి నుంచీ అనుకుంటూనే ఉన్నాను గాని, ఈ ఇంట్లో నువ్వు ఎక్కడా లేవని ఆ రోజే తెలిసింది. ఏడ్చాను. రాయడానికి సిగ్గేమీ లేదు.

ఇక నీ ప్రశ్నకి జవాబు. ఆ రోజు తాగాను. మూల దుకాణంలో కాగితాలు కొనుక్కుని ఏటి ఒడ్డుకి వెళ్లాను. నా దగ్గర అగ్గి లేదు. గాలం వేసుకుని కూర్చున్న ఒకాయన దగ్గరికి వెళ్లి, "అగ్గి ఉందా?" అన్నాను. ఆయన ఎవరో నాకు తెలియదు. గాలికి ఆరిపోకుండా రెండు చేతులూ అడ్డం పెట్టి, వెలిగేదాకా అలాగే ఉంచాడు. పొగాకు కంటే ఆ చేతుల కోసమే అడిగానేమో. "ఏం పెద్దాయనా, బావున్నావా?" అన్నాడు. బావున్నానన్నాను. చుట్టినది చివరిదాకా తాగాను. రుచిగా లేదని రాస్తే నీకు సంతోషంగా ఉంటుంది గాని, బాగానే ఉంది. తర్వాత కాగితాలు ఆయనకే ఇచ్చేసి వచ్చాను. కోటు బయట తీగ మీద ఆరేసి, తల, చేతులు పెరటి కుళాయి కింద కడుక్కుని అప్పుడే లోపలికి అడుగుపెట్టాను. ఇంట్లో మాత్రం పొగ లేదు. ఆ తర్వాత మళ్లీ యంత్రమే, పందిరి కిందే. రేపటి సంగతి నాకు తెలియదు, ఒట్టు వేయను. వేసిన ఒట్లన్నీ నీకు గుర్తున్నాయి కదా.

ఇది ఫోన్లో నువ్వు అడిగితే లేదనేవాణ్ణి. రాయకుండా వదిలేసినా నీకు తెలిసేది కాదు, ఆ గాలం ఆయన మినాస్ వచ్చి చెప్పడు. ఈ పేరా చించేసి మళ్లీ రాద్దామని కూడా అనిపించింది. కాని దాచితే రానన్నావు, తాగితే రానని అనలేదు. ఆ తేడా పట్టుకునే రాస్తున్నాను.

రమ్మని అడగను. నీ ఊపిరి సంగతి నీకూ డాక్టరమ్మకీ తెలుసు. ఒక్కటి మాత్రం అడుగుతాను. అక్కడ నువ్వు రోజూ వేసుకునే స్వెటర్ ఒకటి, ఉతక్కుండా, కాగితంలో చుట్టి పంపు. ఎల్సిరా నవ్వుతుంది, నవ్వనీ. నీ బట్టలన్నీ ఉతికేశాను, వాటికి ఇప్పుడు సబ్బు వాసన తప్ప ఏమీ లేదు. బీరువాలో ఒక అర తుడిచి ఖాళీగా ఉంచాను, పంపిన స్వెటర్ అందులో పెడతాను. పందిరి కింద యంత్రంతో కూర్చున్న రోజు ఆ బీరువా తలుపు తెరవను.

ఎప్పుడో ఒకరోజు నువ్వు ఆ వీధి తలుపు తీసుకుని వస్తే, నేను వెనక షాపులో ఉన్నా సరే, నువ్వేనని నా ముక్కుకే తెలిసిపోవాలి, ఎవరది అని అడక్కూడదు కదా.

ఇట్లు,
దీపం పచ్చబడేదాకా ఆగడం నేర్చుకుంటున్న
నీ మొగుడు,
దార్దో